రత్నమ్మ చూసిన జంటబొమ్మ

తర్లుపాడు దగ్గర పలకరాతి గనిలో ముప్పై ఏళ్లు పనిచేసిన రత్నమ్మ, 1926 వేసవిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మార్కాపురం మిషను బంగళాకు వెళ్లింది. అక్కడ ఒక దొర పోగుచేసుకున్న పాత ఫోటోలను పక్కగదిలో పెట్టి, సంఘస్థులు వచ్చి చూడవచ్చని గుడిలో చెప్పారు. అన్నీ జంటబొమ్మల అట్టలు. ఒకే అట్ట మీద పక్కపక్కన రెండు ఫోటోలు ఉంటాయి. రెండు అద్దాలున్న చట్రంలో పెట్టి చూస్తే అవి ఒకటైపోయి, మనుషులు ఎదురుగా నిలబడ్డట్టే కనిపిస్తారు.

బడిపంతులు సంజీవరావు ఒక్కొక్క అట్టా మార్చి చూపిస్తున్నాడు. కంభం చెరువు కట్ట వచ్చినప్పుడు రత్నమ్మ రాళ్లను తాకబోయి, తనలో తనే నవ్వుకుంది.

తర్వాతి అట్టలో ఉన్నది ఆమే.

ఒళ్లో నాలుగేళ్ల కూతురు లీదియా. ఇరవై ఏళ్ల కిందటే వాంతిభేదులతో చనిపోయిన పిల్ల, చూసే కళ్లకు జానెడు దూరంలో, పక్కటెముకలు తేలి, ముఖాన బూడిదతో కూర్చుని ఉంది. తల్లి ఒంటి మీద చింకిపాత. ముందు సొట్టలు పడిన గిన్నె.

రత్నమ్మకు ఆ రోజు గుర్తొచ్చింది. ఫోటో తీస్తారని ఆనాడు తలంటి పోసుకుని, ఎర్రంచు చీర కట్టుకుని, పిల్లకు నూనె రాసి దువ్వి తీసుకువెళ్లింది. ఇట్లా పనికిరాదన్నాడు ఫోటో తీసే దొర. అతని వంటవాడు పాతలు తెచ్చిచ్చి, ఇద్దరికీ బూడిద పూశాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. సంగటి తిన్న పిల్ల పొట్ట గుండ్రంగా ఉందని దొర విసుక్కుంటే, ఊపిరి బిగబట్టి కడుపు లోపలికి లాక్కోమని బిడ్డకు నేర్పింది తనే.

“కింద ఏంది రాసినారు, అయ్యవారూ?”

సంజీవరావు చదివాడు. “కరువులో బిచ్చమెత్తుకునే తల్లి, బిడ్డ.”

“ఆ ఏడు కరువే లేదు. నేను పలకలు కోసి బతికినా. ఆ గిన్నె వాళ్ల కుక్కది.”

ఇలాంటి అట్టలు దొరల సీమకు వందలకొద్దీ పోయాయనీ, అక్కడివాళ్లు ఇళ్లలో కూర్చుని చూసుకుంటారనీ అతను తలవంచుకుని చెప్పాడు. భోజనాలు చేసి మూతులు తుడుచుకుంటూ ఎంతమంది తన బిడ్డ ఎముకలు చూశారో అనుకుంది ఆమె. చట్రం పట్టుకున్న చేతులను కొంగుకు మళ్లీ మళ్లీ తుడుచుకుంది.

సంజీవరావు అట్ట తీసి చాపాడు. “బిడ్డ బొమ్మ ఇంకోటి లేదు గదా, పెద్దమ్మా. తీసుకపో. బంగళా దొరకు నేను చెప్పుకుంటాను.”

“ఇది నా బిడ్డ కాదు. నా బిడ్డ కడుపు నిండా తినింది” అని ఆమె బయటికి వెళ్లి, గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

సంజీవరావు ఆ అట్టను మళ్లీ ఎవరికీ చూపలేదు. బంగళా దొర అడిగితే పోయిందన్నాడు, చీవాట్లు తిన్నాడు. రత్నమ్మ ఆ బంగళా గడప మళ్లీ తొక్కలేదు. అయినా ఆ రోజు నుంచి లీదియాను ఎప్పుడు తలచుకున్నా నూనె రాసి దువ్విన ముఖం రాదు, బూడిద ముఖమే వస్తుంది. ఫోటో తీసిన దొర మీదకన్నా, ఆనాడు బూడిద పూస్తుంటే నవ్విన తన నోటి మీదే ఆమెకు ఎక్కువ రోత.