ఏడో హోల్ దగ్గర జానెడు

నా చిన్నప్పుడు మేమున్నచోట గడ్డి లేకుండానే గోల్ఫ్ ఆడేవారని చెబితే మా పిల్లలు నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి, నాకేం నష్టం అంటాను. సౌదీలోని ధహ్రాన్‌లో నాన్న పనిచేసే కంపెనీ కాంపౌండ్ అంచున, సరిగ్గా మా ఇంటి వెనక గోడ అవతల, ఇసుకలోనే పద్దెనిమిది హోల్స్ ఉండేవి. హోల్ చుట్టూ కాస్త మేర మాత్రం ఇసుకలో నూనె కలిపి చదును చేసేవారు. మిగతాదంతా ఎడారే. అందుకని ఆడేవాళ్లందరూ ఒక పచ్చ ప్లాస్టిక్ గడ్డి ముక్క వెంట పెట్టుకుని తిరిగేవారు. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలో సగం ఉండేదేమో. బంతి ఎక్కడ ఆగితే అక్కడ ఆ మ్యాట్ పరిచి, దాని మీద బంతి పెట్టి కొట్టాలి. బంతి ఆగిన చోటు కంటే ముందుకు, అంటే హోల్‌కి దగ్గరగా పెట్టకూడదు. పెట్టి కొడితే రెండు స్ట్రోకుల పెనాల్టీ. తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలిచే ఆటలో రెండంటే మాటలు కాదు.

ఇవన్నీ నాకు చెప్పింది చాచా. కర్నూలు నుంచి వచ్చి క్లబ్బు ఆఫీసులో పనిచేసేవారు. పోటీ ఉందంటే స్కోరు రాసుకునే కార్డులు పంచడం, సంతకాలు చూడడం, రూల్సు పుస్తకం తెరిచి తగువు తీర్చడం అన్నీ ఆయనే. కాంపౌండ్‌లో తెలుగు పిల్లలం అందరం ఆయన్ని చాచా అనేవాళ్లం. నాకప్పుడు పదకొండేళ్లు. ఎందుకు, ఎలా, అయితే ఏమవుతుంది అని పొద్దస్తమానం అందరి ప్రాణాలూ తోడేదాన్ని. విసుక్కోకుండా జవాబు చెప్పే మనిషి ఆయనొక్కరే.

మా అమ్మ నర్సు. వాళ్ల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒకావిడ ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం వదిలి శాశ్వతంగా, ఊరెళ్లిపోతూ తన బైనాక్యులర్ నాకిచ్చింది, పిట్టల్ని చూసుకోమని. రెండు రోజులు పిట్టల్నే చూశాను. మూడో రోజు పక్కింటి వంటగదిలోకి చూశాను. పక్కింటి అంకుల్ది కరీంనగర్. మహా నీటుగా ఉండే మనిషి. అలాంటాయన లుంగీ కట్టుకుని, గరిటె పట్టుకుని, పాడుకుంటూ నడుం ఊపుతున్నాడు! నవ్వాపుకోలేక ఆ సంగతి కాంపౌండ్‌లో పిల్లలందరికీ చెప్పాను, ఆడి చూపించాను కూడా. ఆయన వచ్చి అమ్మకి ఫిర్యాదు చేశారు. "సిగ్గు లేదటే నీకు? జనం కొంపల్లోకి తొంగిచూస్తావా?" అని అమ్మ వీపు మీద ఒకటిచ్చి, బైనాక్యులర్ బీరువా మీద పెట్టేసింది. వారం దాకా దింపలేదు. ఆ వారమంతా ఆయన మీద కారాలు మిరియాలు నూరాను.

అది తిరిగి చేతికొచ్చేసరికి గోల్ఫ్ పోటీ మొదలైంది. అక్కడ సెలవులు గురువారం, శుక్రవారం. ఆట ఆ రెండు రోజులూ. గెలిచినవారికి ఆ నెలలో మా క్లబ్బుకి అతిథిగా రాబోతున్న ఒక ప్రొఫెషనల్ ఆటగాడితో కలిసి ఒక పూర్తి ఆట ఆడే అవకాశం ఇస్తామన్నారు. పక్కింటి అంకుల్‌కి ఇక నిద్ర లేదు. కొత్త బూట్లు కొన్నారు. ఫొటోలు తీసి ఊళ్లో వాళ్ల నాన్నకి పంపాలని కెమెరా రీలు కూడా కొని పెట్టుకున్నారు. కనిపించినవాళ్లందరికీ ఆ ముచ్చటే చెప్పేవారు.

మా మేడ మీదనుంచి చూస్తే ఏడో హోల్ చక్కగా కనిపించేది. గురువారం పొద్దున్నే ఎక్కి కూర్చున్నాను. ఎవరెవరో వచ్చారు, కొట్టారు, పోయారు. నేను వాళ్లెవరినీ పట్టించుకోలేదు. అంకుల్ రాగానే బైనాక్యులర్ కళ్లకి ఆనించుకున్నాను. ఆయన బంతి తీశారు. మ్యాట్ వేశారు. బంతి ఆగిన చోట కాదు, దానికి జానెడు ముందు. బంతి దాని మీద పెట్టి, కొట్టి, ఏమీ ఎరగనట్టు నడిచి వెళ్లిపోయారు. దొరికాడురా అనుకున్నాను! ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ రోజు ఆట ముగిసి కార్డుల మీద సంతకాలు అయిపోయాక, అంకుల్ మూడు స్ట్రోకుల ముందంజలో ఉన్నారని తెలిశాక, పరుగున క్లబ్బుకి వెళ్లి చాచాకి చెప్పేశాను. ఆయన తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. ఎంత దూరం, ఏ వైపు అని అడిగి అంతా విన్నారు. తప్పు స్కోరున్న కార్డు మీద సంతకం పెట్టినవాణ్ని పోటీ నుంచే తీసెయ్యాలట. రెండు స్ట్రోకులు పోతాయనుకున్నానే గానీ మనిషే పోతాడనుకోలేదు. అప్పుడడిగారు ఆయన.

"ఆయన్ని చూసినావు సరే. ఇంకెవరెవర్ని చూసినావు పాపా?"

ఎవరినీ చూడలేదన్నాను.

"ఆయన్నొక్కణ్నే ఎందుకు చూసినావు?"

నేను నేల చూపులు చూశాను. నా లుంగీ డాన్సు సంగతి ఆయన చెవినా పడే ఉంటుంది. టీవీలో చూపించే పెద్ద పెద్ద ప్రొఫెషనల్ ఆటల్లోనూ ఇదే గొడవ అన్నారు. ఇంట్లో కూర్చున్నవాళ్లు ఫోన్ చేసి ఫలానావాడు తప్పు చేశాడని చెబుతారట. "కెమెరా ఎవని ఎంట పోతే వాడు దొరుకుతాడు. కెమెరా పోనోడు దొర" అని నవ్వారు. అయితే ఎవరినీ పట్టుకోకుండా వదిలేస్తే సరిపోతుంది కదా అన్నాను, అప్పటికే భయం పట్టుకుని. చాచా కార్డుల్లోంచి ఒకటి తీసి చూపించారు. రెండో స్థానంలో ఉన్న సూడాన్ పెద్దాయనది. ఆయన మ్యాట్ ఎప్పుడూ బంతి ఆగిన చోటికి బెత్తెడు వెనకే వేస్తాడట. మరి వదిలేస్తే ఈయనకేం చెప్పాలి అని నన్నే అడిగారు. ఇప్పటికీ ఆ ప్రశ్నకి సులువైన జవాబు లేదు నా దగ్గర.

ఫలితం ప్రకటించేదాకా పోటీ నడిపే కమిటీకి తేల్చే హక్కు ఉంటుంది కాబట్టి రేపటిదాకా ఆగుతానన్నారు. ఆడేవాళ్లందరి పేర్లూ రాసిన కాగితం చేతికిచ్చారు. రేపు అదే మేడ మీద కూర్చుని అందర్నీ చూడాలి, మ్యాట్ ముందుకు వేస్తే పేరు పక్కన గీత పెట్టాలి, ఒక్కర్ని కూడా వదలకూడదు. "అందర్నీ అంటే అందర్నీ" అని రెండుసార్లు చెప్పారు.

శుక్రవారం నేను చూసింది ఏమని చెప్పను! పెద్ద ఆఫీసర్లు, నమాజులో ముందు వరసలో నిలబడే వాళ్లు, మాకు లెక్కలు చెప్పే సార్. ఒకాయన కాలితో నెట్టారు, ఇంకొకాయన వంగి పరుస్తున్నట్టే పరిచి వేలితో జరిపారు. అందరూ కాదు. సగానికి తక్కువే. కానీ అంకుల్ ఒక్కరే కాదన్నది మాత్రం ఖాయం. ఆయన ఆ రోజు కూడా జరిపారు. గీత పెట్టాను, నిన్నటి సంతోషం లేకుండా. సూడాన్ పెద్దాయన నిజంగానే బెత్తెడు వెనక వేశారు. ఎవరూ చూడట్లేదనుకుంటూ కూడా మనిషి అలా ఎందుకు చేస్తాడా అని ఆశ్చర్యపోతుండగా, నాన్న వచ్చారు.

నాన్న గెలిచే వరసలో ఎక్కడా లేరు. సరదాకి ఆడతారు. బంతి తీశారు, మ్యాట్ విసిరారు. అది ముందుకి పడింది. వెనక్కి లాగుతారేమో అని చూశాను. లాగలేదు. కొట్టేసి, పక్కనున్నాయనతో ఏదో జోకు వేసి నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

కాగితం మడిచేశాను. నాన్న పేరు పక్కన ఏమీ లేదు. మెట్లు దిగాను. కింద అమ్మ డ్యూటీకి వెళ్తూ ఏంటే ఆ మొహం అంది. మళ్లీ పైకెక్కాను, ఏడుస్తూ గీత పెట్టాను. పెన్సిల్ మొన విరిగేంత గట్టిగా పెట్టాను. ఆ క్షణాన చాచా మీద వచ్చిన కోపం ఇంకెవరి మీదా రాలేదు.

సాయంత్రం ఎండ వాలుతుండగా క్లబ్బు షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టారు చాచా. నియమం ఇంగ్లీషులో చదివి, ఉర్దూలో మళ్లీ చెప్పారు. నిన్న తనకొక ఫిర్యాదు వచ్చిందని, చూసిన కళ్లు ఒక్కరినే చూశాయని, అందుకే ఈరోజు అందర్నీ చూడమన్నానని, ఆ కాగితం ఇంకా విప్పలేదని చెప్పారు. విప్పకముందే ఎవరికి వారు చెప్పుకుంటే రెండు రోజుల్లో ఎన్నిసార్లయితే అన్ని రెండేసి స్ట్రోకులు కలుపుతారు, పోటీలోంచి తీసెయ్యరు. విప్పాక పేరు కనిపిస్తే మాత్రం పక్కన ఆడినవాళ్లనీ అడిగి తేల్చి, తీసేస్తారు. ఆ కళ్లు ఎవరివో చెప్పలేదు. నేను తలుపు పక్కన గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను.

అందరికంటే ముందు నాన్న చెయ్యెత్తారు. మొహం కందగడ్డలా ఉంది. ఆయన వెనకే లెక్కల సార్, ఇంకొకాయన, మరొకాయన. పక్కింటి అంకుల్ తన కొత్త బూట్లకేసి చాలాసేపు చూసుకున్నారు. చివరికి ఆయనా లేచి, నిన్నొకసారి, ఇవాళొకసారి అన్నారు. నాలుగు స్ట్రోకులు, రెండో రోజు ఆట అయ్యాక కూడా ఆయనకున్న ముందంజ మూడే. సూడాన్ పెద్దాయన ఒక్క స్ట్రోకు తేడాతో గెలిచారు. చాచా అప్పుడు కాగితం విప్పారు. నేను గీత పెట్టిన వాళ్లందరూ చేతులెత్తారు. గీత లేని వాళ్లు ఇద్దరు కూడా ఎత్తారు. అంత కళ్లు పెట్టుకు చూసినా నాకు ఇద్దరు దొరకలేదన్నమాట.

ఇంటికి నడుస్తుంటే నాన్న, "మేడ మీద మెరిసింది నీ బైనాక్యులరేనా? నాకూ గీత పెట్టావా?" అని అడిగారు. పెట్టానన్నాను. "మంచి పనే చేశావు. కానీ నాకు మాత్రం కోపంగానే ఉందే" అన్నారు. రాత్రి అన్నం దగ్గర ఆ కోపం పోయింది.

మర్నాడు పక్కింటి అంకుల్ గేటు దగ్గర నన్ను ఆపారు. తిడతారనుకున్నాను. ఆయన మాత్రం నా తల మీద చెయ్యి వేశారు. "మీ డాడీకి దమ్మున్నది బిడ్డా. ఆయన చెయ్యి లేపకుంటే నేను లేపకపోదును" అన్నారు. ఆయనకి నా సంగతి తెలియదు. చెప్పాల్సిన సమయం అదే. నేను తలూపి లోపలికి పారిపోయాను. మరుసటేడు ఆయన కూడా ఎగ్జిట్ మీద వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను ఒక బడిలో హెడ్మిస్ట్రెస్‌ని. టీచర్, వాడు చూసి రాస్తున్నాడు అని ఎవరైనా చెయ్యెత్తితే, నువ్వు ఇంకెవరెవర్ని చూశావమ్మా అని ముందు అడుగుతాను. అడిగి అక్కడితో వదలను, లేచి ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి చూస్తాను. తప్పు దొరికితే ఎవరిదైనా మార్కులు కోస్తాను. ఆ టీచర్ కఠినం అంటారు పిల్లలు, అననీ. కానీ ఎవరి పేరు పక్కన గీత పెట్టబోయినా ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. అంకుల్ తప్పు చేసిన మాట నిజం, శిక్ష న్యాయమే. ఆయన్ని నేనెందుకు చూశానో మాత్రం ఆయనకి ఈరోజుకీ తెలియదు.