కానుగ నూనె డబ్బా

డీజిల్ దొరకక వరంగల్ చుట్టుపక్కల పొలాల్లో ఇంజన్లు ఆగిపోయిన రోజులవి. పరకాల బస్టాండులో నా పక్కన గోళ్ళనిండా గ్రీజున్న మెకానిక్ ఒకాయన కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర నూనె డబ్బా ఉంది. అందులోంచి కొంచెం గాజుసీసాలోకి వంచి, అంతే కొలత నీళ్ళు కలిపాడు.

"అదేంది అన్నా?" అన్నాను.

"కానుగ నూనె తమ్మీ. స్పిరిటు, కాస్టిక్ సోడా కలిపి డీజిల్ లెక్క చేసిన. నీళ్లు, నూనె వేరువేరుగ తేలితె మంచిగున్నట్టు. సల్ల లెక్క తెల్లగైతె సబ్బు మిగిలినట్టు, ఇంజన్ కరాబైతది."

సీసా గట్టిగా ఊపి బెంచీ మీద పెట్టాడు. ఇద్దరం చాలాసేపు చూశాం. నీళ్ళు, నూనె విడిపోలేదు; మజ్జిగలా తెల్లగానే ఉంది.

అంతలో ఆయన ఊరికి వెళ్ళే బస్సు వచ్చింది. కిటికీలోంచి ఒకతను పిలిచాడు.

"బావా, ఎక్కు. వరి ఎండిపోతాంది. ఎట్లున్నా పోసి చూద్దాం."

"ఇది పోస్తె ఉన్న ఇంజన్ గూడ పోతది. మళ్ల చేసి, రేపు తెస్తనని చెప్పు."

బస్సు వెళ్ళిపోయింది.

"ఇది ఎన్నోసారి అన్నా?"

"ఆరోసారి. ఫికర్ లేదు," అని డబ్బా భుజానికెత్తుకుని బజారువైపు నడిచాడు. ఏడోసారి ఏమైందో నాకు తెలియదు.

తర్వాత నాకు విత్తనాలు పరీక్షించే ఉద్యోగం వచ్చింది. మొలకెత్తని విత్తనాలను మంచివని రాయమని పైవాళ్ళు అడిగినప్పుడల్లా ఆయన గుర్తొచ్చేవాడు. రెండుసార్లు బదిలీ అయ్యాను. సంతకం మాత్రం పెట్టలేదు.