రత్నం మెడికల్ బుక్కులో నేను రాయించిన దెబ్బ

పన్నెండేళ్ల కిందట జూన్ నెలలో నన్ను చోడవరంలో బాక్సింగ్ కోచ్‌గా వేశారు. గ్రేడ్-టూ ఉద్యోగం. హోదా పేరు గొప్పే గానీ, చేతికిచ్చినవి రెండు పంచింగ్ బ్యాగులు, చిరుగుల రింగు ఒకటి.

చేరిన వారానికే కె.కోటపాడు నుంచి నూకరత్నం వచ్చింది. తల్లి కొండమ్మ చెరకు కోత కూలి. పదిహేనేళ్ల ఆ పిల్ల ఫోన్లో మెక్సికో ఛాంపియన్ల పోటీలు చూసి, చేయి వంచి పక్కనుంచి కొట్టే వాళ్ల ఎడమచేతి హుక్‌ను ఎదుటివాళ్ల కుడి డొక్క కింద, సరిగ్గా కాలేయం మీద దించడం సొంతంగా నేర్చేసుకుంది. అది తగిలితే ఊపిరాడక కూలబడాల్సిందే. మెక్సికో పద్ధతిలో ఇంకొకటి కూడా ఉంది. వాళ్లు వెనక్కి తగ్గరు, రెండు తిని ఒకటి కొడతారు. ఆ తినడం మాన్పించాల్సినవాణ్ణి నేను. మాన్పించలేదు సరికదా, ముచ్చటపడ్డాను. "ఒసే, నువ్వు మన చోడవరం మెక్సికోవే!" అని నలుగురిలో అనేవాణ్ణి. ఎంత బుద్ధితక్కువ!

నాలుగేళ్లలో జిల్లా గెలిచింది, రాష్ట్రం గెలిచింది. జాతీయ పతకం ఒక్కటి వస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాయం. కొండమ్మ ప్రాణమంతా ఆ ఉద్యోగం మీదే ఉండేది.

జాతీయ పోటీలకు పన్నెండు రోజుల ముందు, ఒక సన్నాహక పోటీలో రత్నం గడ్డం మీద దెబ్బ తిని పడిపోయింది. రిఫరీ పది లెక్కపెట్టినా లేవలేదు. ప్రతి బాక్సర్‌కూ ఒక మెడికల్ బుక్కు ఉంటుంది. గడ్డం మీద తగిలినా తల దెబ్బ కిందే లెక్క. తల దెబ్బకు నాకౌటైతే డాక్టర్ అందులో రాస్తాడు, ఆ తర్వాత నెల రోజులు గ్లౌజులు తొడగకూడదు. పొట్ట దెబ్బకు ఆ నిషేధం లేదు. ఆ రోజు రెండు రింగులకూ ఒకే డాక్టర్. ఆయన పక్క రింగు నుంచి వచ్చేసరికి రత్నం లేచి కూర్చుంది. ఎక్కడ తగిలిందని నన్నడిగాడు.

"పొట్టలోనండీ" అన్నాను.

రత్నం నా వంక చూసింది. మెల్లగా చేయి డొక్క మీద పెట్టుకుంది. ఆయన అదే రాశాడు.

తల తిరుగుతోందా అని తర్వాత అడిగాను. "ఏటీ నేదు సార్, ఆడతాను. మాయమ్మకి సెప్పకండి" అంది.

జాతీయ పోటీల్లో స్వర్ణం గెలిచింది. ఫైనల్లో ఎన్ని దెబ్బలు తిందో! చోడవరంలో జీపెక్కించి ఊరేగించారు. ఆ జీపులో నేనూ నిలబడి దండ వేయించుకున్నాను, సిగ్గులేకుండా.

ఉద్యోగం వచ్చింది. ఆర్నెల్లు తిరక్కుండానే తలనొప్పులు మొదలయ్యాయి. మరుసటి ఏడు తనకన్నా చిన్నపిల్లల చేతుల్లో వరసగా ఓడింది. మాట ముద్దగా వచ్చేది, కుడిచేయి వణికేది. ప్రొబేషన్ పూర్తికాకముందే పనికిరాదని నోటీసిచ్చారు. ఆటలో తగిలిన దెబ్బవల్లేనని గడువులోగా రుజువు చూపిస్తే కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. బుక్కులో తల దెబ్బ ఒక్కటీ లేదు.

కొండమ్మ నా దగ్గరికి వచ్చింది. "బాబూ, ఆ దెబ్బ తలకే తగిలిందని మా రత్నం గుంట ఇప్పుడు సెప్పింది. మీరొక్క ముక్క రాసిస్తే సాలట. ఇంకేటీ అడగను" అంది.

రాస్తానన్నాను. అప్పటికి నా రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. తప్పుడు రికార్డు రాయించానని ఒప్పుకుంటే సస్పెండ్ చేస్తారు. రేపు, ఎల్లుండి అంటూ ఆ మనిషిని నాలుగు నెలలూ తిప్పాను. రిటైరైన మర్నాడు రాసిచ్చాను. గడువు దాటి మూడు వారాలైందని కాగితం తిప్పి పంపేశారు.

రత్నం ఇప్పుడు ఇంట్లోనే ఉంటుంది. మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంది. నేను వెళితే లేచి "నమస్తే సార్" అంటుంది. ఆ రెండు మాటలు పూర్తయ్యేదాకా ఆమె ముఖం చూడలేను.

కొత్త కోచ్‌లు అప్పుడప్పుడూ సలహా అడుగుతారు. డాక్టర్ అడిగితే దెబ్బ ఎక్కడ తగిలిందో అదే చెప్పమంటాను. పతకం పోతే పోనివ్వండి. అప్పుడు చెప్పలేకపోతే, ఆ పిల్ల తల్లి వచ్చి అడిగిన రోజునైనా చెప్పండి. నేను రెండుసార్లూ చెప్పలేదు.