బియ్యం డ్రమ్ములో లెన్సు

ఆ రోజుల్లో నాకు ఒంటి మీద కన్నా లెన్సు మీద శ్రద్ధ ఎక్కువ. వాన పడితే గొడుగు కెమేరాకి పట్టి, నేను తడిసేదాన్ని. నాకు జలుబు చేస్తే మిరియాల కషాయం ఉంది, లెన్సుకి బూజు పడితే ఏ కషాయం తాగిస్తాం చెప్పండి? ఇరవై దాటిన వయసులో మనిషి దేన్నో ఒకదాన్ని పిచ్చిగా ప్రేమించి తీరాలి కాబోలు. నా ఈడువాళ్ళు అబ్బాయిల్ని ప్రేమించారు. నేను గాజుముక్కని ప్రేమించాను. (ఖర్చు విషయంలో రెండూ ఒకటే అని తరవాత తెలిసింది.)

నాన్న ఒడిశాలో రైల్వే సిగ్నల్ పని చేసేవాడు. కొరాపుట్‌లో రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నేను రోజూ బస్సెక్కి, ఘాట్ రోడ్డు దిగి, జయపురంలో ఒక ఫోటో స్టూడియోకి పనికి పోయేదాన్ని. పనంటే గొప్పదేమీ కాదు, పెళ్ళిళ్ళలో లైటు పట్టుకుని నిలబడడం. "డిగ్రీ సదివించింది ఇందుకేటే, దీపస్తంభంలాగ నిలబడ్డానికి?" అని అమ్మ రోజూ ఒకసారైనా అనేది. స్టూడియో యజమానిని ఊరంతా లెన్సు బాబాయ్ అనేవారు. మనిషి మంచివాడే కానీ, తన లెన్సుని ఎవరైనా ముట్టుకుంటే మాత్రం పెద్దపులి.

అలాంటి మనిషి, ఒక శ్రావణమాసంలో, రాయగడలో ఒప్పుకున్న పెళ్ళికి ముందు నన్ను పిలిచి కొత్త పెద్ద లెన్సు చేతిలో పెట్టాడు. పెళ్ళికూతురు తన ఫోటోలు అమ్మాయే తీయాలని పట్టుబట్టిందట. "సూడమ్మీ, నాను ముందుగా ఎల్లి వీడియో సంగతి సూసుకుంటాను. నువ్వు రేపు రైల్లో దీన్ని పట్టుకొచ్చీ. ముందు గాలి కొట్టాల, తరవాత బ్రష్షు, ఆ తరవాతే గుడ్డ. సీర కొంగు, సున్నీ అంచు, నోటితో ఊదడం, ఈ మూడూ దీని దగ్గరికి రాకూడదు. తేమ తగిలితే బూజు పట్టీద్ది. తలంబ్రాల ఫోటోలు నువ్వే తీయాల. బాగా వస్తే ఇకనించీ కెమేరా నీది. లేదా, మళ్ళీ లైటే!" నేను తలూపాను. ఊపిన ఊపుకి మెడ పట్టేసింది.

ఆ సాయంత్రం ఘాట్ మీద బస్సు కిటికీలోంచి జల్లు కొట్టింది. ఇంటికొచ్చి చూస్తే సంచీ చెమ్మగా ఉంది. తేమ తగిలితే బూజన్న బాబాయ్ మాట గుర్తొచ్చింది. తడిసిన ఫోనుని బియ్యంలో పెట్టాలని ఎవరో అనగా విన్నాను. ఫోనుకి పనికొచ్చింది లెన్సుకి పనికిరాదా! లెన్సు మూత, అదే కప్పు, తీసేసి (పాపం, ఊపిరాడాలి కదా), పలచటి గుడ్డలో చుట్టి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బియ్యం డ్రమ్ములో పాతేశాను. నా తెలివికి నేనే మురిసిపోయి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు భోజనాలయ్యాక తవ్వి తీద్దును కదా, అద్దం తెల్లగా, పాలపొడిలో దొర్లించిన కోవాబిళ్ళలా ఉంది! నా కేకకి అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మ! మొన్ననే కదే పురుగు పట్టకుండా బియ్యానికి బోరిక్ పౌడరు కలిపేను! డ్రమ్ములో పెట్టడమేటే, ఇదేటి మామిడిపండా ముగ్గడానికి? ఇలగియ్యి, ఓ తుడుపు తుడిసీస్తాను" అంటూ కొంగు పట్టుకుని వచ్చింది. "అమ్మా, వద్దు! ఆ పొడి మీద రుద్దితే గీతలు పడతాయి!" అని నేను గది చుట్టూ పరుగు. "అయితే ఊదుతానుండు" అంది. నోట్లో కిళ్ళీ! నేను లెన్సుని వెనక దాచుకుని, రెండో చేత్తో కన్నతల్లి నోరు మూశాను. నాన్న అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

బ్రష్షూ, గుడ్డా, తుడిచే మందూ సంచీలో ఉన్నాయి కానీ, గాలి కొట్టే రబ్బరు బుడ్డి జయపురంలో, తాళం వేసిన స్టూడియోలో మరిచిపోయాను. రైలుకి ఎక్కువ టైము లేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. లెన్సు పోతే పోయింది, జన్మంతా లైటు పట్టుకోవాలి! నాన్న సైకిలు పంపు తెచ్చాడు. నొక్కి చూస్తే నూనె తుంపర్లు పడ్డాయి. ఇది కాదన్నాను. తల గోక్కుని, "ఉండమ్మీ, వొచ్చీసేను" అని బయటికి పరుగెత్తి, వెనక లైన్లో ఉండే ఐసుబండి అతని హారను తెచ్చాడు. ఇత్తడి గొట్టానికి రబ్బరు బుడ్డి తగిలించి ఉంటుందే, అది. ఎలా ఊడుతుందో తెలియక అలాగే నొక్కాడు. పేఁ! లెన్సు మీద పొడి కొంచెం లేచింది. మళ్ళీ పేఁ! క్వార్టర్లలో పిల్లలందరూ గ్లాసులూ గిన్నెలూ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేశారు. "ఐసు లేదు, ఎల్లండెల్లండి" అని అమ్మ తరుముతుంటే, "మరి పిలిసేరేటి?" అని వాళ్ళ దబాయింపు! ఎట్టకేలకు బుడ్డి ఊడింది. నేను లెన్సుని బోర్లించి పట్టుకున్నాను, నాన్న కింద చతికిలబడి పైకి ఫుస్సు ఫుస్సుమని కొట్టాడు. పొడంతా ఆయన మీసం మీద రాలింది. ఆ తరవాత మెత్తటి బ్రష్షు, ఆ తరవాత గుడ్డకి ఒక్క చుక్క మందు, నడిమి నుంచి అంచుకి చుట్టూ. వెలుగులో తిప్పి చూస్తే ఒక్క గీత లేదు! నేను ఎగిరి గెంతాను. అమ్మ కూడా గెంతింది, ఎందుకో తనకే తెలీదు.

రైల్లో టికిరి స్టేషను దాటి రాయగడ చేరేదాకా లెన్సు నా ఒళ్ళోనే. పొద్దున్నే పెళ్ళి. పెళ్ళికూతురు నాకంటే కాస్త చిన్నది, నవ్వుమొహం, వచ్చిన దగ్గర్నుంచీ "అక్కా అక్కా" అంటూనే ఉంది. జీలకర్ర బెల్లం బ్రహ్మాండంగా తీశాను. తాళి తీశాను. ఇక మిగిలింది తలంబ్రాలు. పళ్ళాలు వచ్చాయి. పసుపు పొడి రాలుతున్న బియ్యం, పళ్ళెం నిండా. పెళ్ళికొడుకు హుషారుగా దోసిలి ఎత్తాడు.

నాకేమయిందో ఇప్పటికీ చెప్పలేను. బియ్యం! పొడి! ఎగిరి నా లెన్సు మీదకే వస్తోంది! చెయ్యి దానంతటదే కప్పు పెట్టేసింది, నేను గిరుక్కున వెనక్కి తిరిగి, కెమేరాని పొట్టకి హత్తుకుని ముడుచుకుపోయాను. వెనకాల మేళం మోగిపోతోంది, జనం కేరింతలు, నా వీపు మీద తలంబ్రాలు. అవతల వీడియో దగ్గర్నుంచి లెన్సు బాబాయ్ రంకె: "ఏటి సేస్తన్నావే అమ్మీ! కప్పు తియ్యి! పెళ్ళయిపోతంది, కప్పు తియ్యి!"

నేను తిరిగేసరికి పళ్ళాలు ఖాళీ. ఇన్నాళ్ళు కలలు కన్న ఫోటో పోయింది. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. తలెత్తి చూస్తే, పెళ్ళికూతురు బాసికం పక్కకి జారిపోయేలా నవ్వుతోంది, గుప్పిట మాత్రం గట్టిగా మూసి ఉంది. "ఏడవకక్కా, నీ కోసం ఓ గుప్పెడు దాసేను. ముందు నువ్వు కప్పు తియ్యి" అంది. తీశాను. ఆ పిల్ల ఆ గుప్పెడూ మొగుడి నెత్తిన పోస్తూ నా వంకే చూసి పకపకా నవ్వింది. అదొక్కటే తలంబ్రాల ఫోటో. బాబాయ్ దాన్ని కెమేరా వెనక చిన్న తెర మీద చాలాసేపు చూశాడు. తిడతాడని కళ్ళు మూసుకున్నాను. "సాయంత్రం అప్పగింతలకి లైటు నాను పట్టుకుంటాను" అన్నాడు, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో.

ఇప్పుడు నా లెన్సుల మీద పసుపు పడుతుంది, పన్నీరు పడుతుంది, ఒకసారి పప్పుచారు కూడా పడింది. ఫోటో తీశాకే తుడుస్తాను. అయినా ఎప్పుడైనా పెళ్ళి పందిట్లో బియ్యం ఎగిరినప్పుడు, వీపు ఇటు తిప్పి, ప్రాణాలన్నీ ఒక గాజుముక్కలో పెట్టుకుని ముడుచుకుపోయిన ఆ పిచ్చి పిల్ల గుర్తొస్తుంది. మళ్ళీ దేన్నీ అంత ఇదిగా ప్రేమించలేకపోయాను. ఆ పిల్ల ఎదురుపడితే కోప్పడను, తిట్టను. దాని వీపు మీది బియ్యపు గింజలు దులిపి, చెవిలో చెబుతాను: కప్పు తియ్యవే అమ్మీ, అందరూ నవ్వుతున్నారు, నువ్వూ చూద్దువు గాని.