బావ సముద్రం సామాను

సముద్రంలో మునగడానికి కావలసినవన్నీ అక్కడి వాళ్లే ఇస్తారు. గాలి సిలిండరు, కళ్లకు మాస్కు, కాళ్లకు రెక్కలు, ఒంటికి రబ్బరు బట్టలు, మునగనని మొండికేసే శరీరాలకు నడుముకు సీసం దిమ్మెలు. ఇంతకు మించి ఏమైనా తెచ్చుకుంటే తెచ్చుకోండి, మీ ఇష్టం అని మాకు నేర్పిన సారు చెప్పాడు.

ఆ "మీ ఇష్టం" అన్న మాట మా బావ ముందర అనకూడదు. మా వైపు పెళ్లికి పిలిచేటప్పుడు "వస్తే రాండ్రి, మీ ఇష్టం" అన్నారంటే, రాకపోతే ఈ జన్మలో మాట్లాడరని అర్థం. అందుకని బావ ఫోనులో కనిపించినవన్నీ తెప్పించాడు. వాటిని ఒక సంచిలో వేసుకుని, అక్కను వెంటబెట్టుకుని, వనపర్తి నుంచి గద్వాలలోని మా ఇంటికి వచ్చాడు.

సామానంతా మగ్గం గదిలో చాప మీద పరిచాడు. నాన్న గుంతలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తూ ఓరకంట చూస్తున్నాడు. నేను చాప పక్కన జడ్జిలాగా కూర్చున్నాను. జడ్జిని కావడానికి నాకొక అర్హత ఉంది, ఆ సంచి మోసేది నేనే. బావకు నడుము నొప్పి. బరువులెత్తొద్దని కొల్లాపూర్ దవాఖానలో చెప్పారట. డాక్టరు చెప్పింది కోడేరులో వాళ్ల చేన్లో మోసే పల్లికాయ బస్తాల గురించి. బావ దాన్ని సముద్రం దాకా సాగదీశాడు. గద్వాల నుంచి రాయచూరుకు బస్సు, అక్కడ రైలు, గుంతకల్లులో ఇంకో రైలు, హుబ్బళ్లిలో దిగి సముద్రం ఒడ్డు దాకా మళ్లీ బస్సు. అన్నిచోట్లా ఆ సంచి ఎక్కేది నా భుజమే.

అసలు విషయం సంచి కాదు. పోయినేడు కూడా మేమిద్దరం ఇదే పని మీద పోయాం. హైదరాబాదులో ఈత కొలనులో నేర్చుకున్నప్పుడు బావ చేపే. కింద నీలం టైల్సు కనబడుతుంటే మనిషికి ధైర్యం దానంతటదే వస్తుంది. సముద్రంలో పడవ నిచ్చెన దిగి మెడ దాకా నీళ్లలో నిలబడి కిందికి చూశాడు. అక్కడ టైల్సు లేవు. నిచ్చెన పట్టుకుని అట్లే పైకెక్కాడు. చెవి నొప్పి అన్నాడు. వనపర్తికి వచ్చాక, సముద్రమే బాగలేకుండె అన్నాడు. వాళ్ల గల్లీలో సముద్రాన్ని చూసినవాళ్లు తక్కువ కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. అక్క మాత్రం ఏమీ అడగలేదు, అది ఆయనకు ఇంకా బాధ. ఈసారి కూడా దిగకపోతే ఇక ఆ ఊసే ఎత్తనని, రబ్బరు బట్టల్లో దిగి ఇంట్లో గోడకు పెట్టుకున్న ఫోటో కూడా తీసేస్తానని నాతో ఒక్కడితోనే చెప్పాడు.

నిజానికి బావ ఈత రాని మనిషి కాదు. కోడేరు దగ్గర వాళ్ల బాయిలో నేర్చుకున్నాడు, అందరు పిల్లల్లాగే వీపుకు బెండు కట్టుకుని. తేడా ఏమంటే, మిగతా పిల్లలకు కొన్నాళ్లకు బెండు విప్పారు. బావకు మీసాలు వచ్చాక విప్పారని అక్క చెప్తుంది. మీసాల సంగతి నేను తేల్చుకోలేదు.

విచారణ మొదలైంది. ముందు టార్చిలైటు. మేం నీళ్లలో దిగేది పట్టపగలు. రాళ్ల సందుల్లో చూడడానికని బావ అన్నాడు. తప్పిపోయిన బర్రెను దేవులాడనీకి పోతున్నవా అని అక్క అడిగింది. తరువాత నీళ్లలో రాసుకునే పలక. భూమ్మీద బావ సంతకం తప్ప ఇంకేమీ రాయగా నేను చూడలేదు, సముద్రం అడుగున ఏ కావ్యం మొదలుపెడతాడో మరి. నీళ్ల ఉరవడికి కొట్టుకుపోకుండా రాయిని పట్టుకునే కొక్కెం ఒకటి. పాత వలలో చిక్కుకుంటే కోసుకోవడానికని చిన్న కత్తి. అక్క దాన్ని వేలితో గీకి చూసి, దీంతోని బెండకాయ కూడా తెగదు అని చాప మీద పెట్టేసింది. బావ మొహం చిన్నబోయింది.

పనికొచ్చేవి లేవని కాదు. ఈల ఉంది, దానికి బరువే లేదు. గాలి ఊదితే మనిషంత పొడుగై పైన నిలబడే నారింజ రంగు గొట్టం ఉంది. దూరంగా తేలినా పడవ వాళ్లకు మనం కనబడతాం. ఈ రెండూ ఉంచి మిగతావి అటక మీదికి అని నేను తీర్పు చెప్పబోతున్నాను. అంతలో బావ ఒక చిన్న ఇనుప కడ్డీ తీశాడు. సిలిండరు మీద టంగుటంగుమని కొట్టి పక్కవాణ్ణి పిలవడానికట.

"నీ పక్కనోణ్ణి నేనే గద బావా. పిలిచేదేముంది, పక్కనే ఉంట."

"ఉంటవా?" అన్నాడు బావ.

నవ్వుతూ అనలేదు. నా నోట్లో ఒక జోకు తయారుగా ఉంది, దాన్ని మింగేశాను. అప్పుడు అర్థమైంది, చాప మీదున్నది సామాను కాదని. వాటిల్లో కొన్ని బావ ధైర్యం, కొన్ని బావ సాకు. ఏది ఏదో పైకి చూస్తే తెల్వదు. ధైర్యాన్ని అటక మీద పెట్టి సాకును భుజాన వేసుకుని పోతే, మళ్లీ ఆ నిచ్చెన దగ్గరే తేలుతాం.

నేను తీర్పు వాయిదా వేశాను. మగ్గం చప్పుడు ఆగింది. నాన్న గుంతలోంచి లేచి వచ్చాడు. అల్లుడి తరఫునా మాట్లాడలేదు, కొడుకు తరఫునా మాట్లాడలేదు. ఇంత చిల్లర సామాను ఇడిగ వేస్తే బస్సులలో ఒక్కటి మిగలదు, మీరు పోయి చాయ తాగి రాండ్రి, నేను సదురుత అన్నాడు.

మేం చాయ తాగి వచ్చేసరికి ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అన్న గొడవే లేదు. నాన్న అన్నిటినీ కలిపి ఒక్క కట్ట చేశాడు. నేసిన చీర కోసి తీసుకున్నాక మగ్గానికి కొసపోగులు మిగులుతాయి. మా ఇంట్లో ఏది కట్టాలన్నా ఆ నూలుపోగులే. కొత్తిమీర కట్టకు అవే, మందుల పొట్లానికి అవే, ఊడిన గేటు గొళ్లేనికీ అవే. ఎన్ని పోగులున్నా కట్టాక అది ఒక్కటే అన్నది నాన్న లెక్క. తెగిన పోగును అతికే ముడి ఆయన చేతిది. చీర చిరగొచ్చు గానీ ఆ ముడి జారదు. కట్ట మీద తుండు చుట్టి, ఆ తుండుకూ ముడేసి, "సముద్రం కాడ ఇప్పుకోండ్రి, ఏదీ పోదు" అని అల్లుడి చేతికిచ్చాడు. బావ దాన్ని పసిపిల్లలాగా రెండు చేతులతో అందుకున్నాడు, వెంటనే నాకిచ్చాడు.

దారంతా ఏదీ పోలేదు. సంచిని పడవ అడుగున పెట్టాం. అక్కడ చీలమండల దాకా ఉప్పునీళ్లు ఉన్నాయి. దీవి దగ్గర లంగరు వేసి, సారు అందరినీ సిద్ధం కమ్మన్నాడు. బావ ఈల అడిగాడు. నేను తుండు విప్పి ఈల లాగాను. ఈలతోపాటు టార్చిలైటు వచ్చింది. టార్చి వెనకాల పలక, పలక వెనకాల కొక్కెం, కడ్డీ, గొట్టం, అన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఊరేగింపులాగా వచ్చాయి. నూలు నీళ్లకు నాని బిగుసుకుంది. గోళ్లతో కాలేదు, పళ్లతో కాలేదు. పళ్లకు ఉప్పు మాత్రం తగిలింది. కోద్దామంటే కత్తి ఉంది, అన్నిటికంటే లోపల, ఒరలోంచి జారిపోకుండా నాలుగు వైపులా కట్టి ఉంది.

సారు వచ్చి చూశాడు. ఆయనది అక్కడి కన్నడమే. "ఇదేన్రీ?" అన్నాడు, ఇదేమిటని. మా మామ కట్టిండు సార్ అని బావ గౌరవంగా చెప్పాడు. కట్టను మొత్తంగా నడుముకు వేలాడదీసుకుంటానన్నాడు. అట్ల వద్దు, ఎక్కడైనా చిక్కుకుంటుందని సారు కుదరదన్నాడు. తన నడుము సంచిలోంచి కత్తెర తీసి పట్టుకున్నాడు. ఏది కావాలో చెప్పండి, కోసిస్తా, తొందరగా అన్నాడు.

బావ కత్తెర వైపు చూశాడు. కట్ట వైపు చూశాడు. తరువాత నిచ్చెన వైపు చూశాడు. నేనైతే అప్పటికే అక్కకు చెప్పాల్సిన మాట తయారుచేసుకున్నాను. ఇంత మంచి సాకు మళ్లీ దొరకదు. సామాను కట్టిపడేసింది ఈయన కాదు, సొంత మామ. వనపర్తి అంతా తిరిగి చెప్పుకున్నా తప్పు పట్టేవాడుండడు. నేను సాక్ష్యం కూడా చెప్తాను.

"వద్దు సార్, ఉండనీయుండ్రి," అన్నాడు బావ. కట్టను నా ఒళ్లో పెట్టి, రెక్కలు తొడుక్కుని, "పా రా" అన్నాడు.

నిచ్చెన దిగేటప్పుడు ఆగుతాడేమోనని నేను వెనకాలే నిలబడి చూశాను. మెడ దాకా నీళ్లు వచ్చాక నిజంగానే ఆగాడు. నేను కట్ట కిందపెట్టి పక్కన దూకాను. బావ ఒక చేత్తో ముక్కు పట్టుకున్నాడు, చెవులు దిబ్బడ పడకుండా అట్లా పట్టుకుని ఊదాలి. ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. లంగరు తాడు వెంబడి కిందికి పోయాం. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి, తరువాత నీలంగా ఉన్నాయి, తరువాత కాళ్ల కింద ఇసుక వచ్చింది. టైల్సు లేవు. బావ మోకాళ్ల మీద కూర్చుని అటూ ఇటూ చూశాడు. పసుపుపచ్చ చేప ఒకటి మాస్కు ముందు నిలబడి ఆయన్ని చూసి, పెద్ద విశేషమేమీ లేదనుకుని పోయింది. బావ వేళ్లు చుట్టి, బాగుంది అని సైగ చేశాడు. నాకు నవ్వొచ్చి మాస్కులోకి నీళ్లు వచ్చాయి. వాటిని ఊదేసుకోవడానికి రెండో చెయ్యి కావాలి, అది బావ దగ్గర ఉంది. పైకి తేలేదాకా వదల్లేదు.

తిరిగి వచ్చాక మణికట్టు మీద వేళ్ల గుర్తులు అక్కకు చూపించాను. అక్క వాటిని చాలాసేపు తిప్పితిప్పి చూసింది. బావ లోపల స్నానం చేస్తున్నాడు.

"ఇంట్ల చక్కెర డబ్బ మూత తియ్యమంటే చేతుల బలం లేదంటడు," అంది.