తలనొప్పి పొడి

దక్షిణాఫ్రికాలో మేం మొదటిసారి ఓటు వేసిన మరుసటి ఏడాది, నా భార్యకు తుంటి కీలు మార్చాలన్నారు. టోంగాట్ చెరకు తోటల్లో వంగి వంగి అరిగిపోయిన తుంటి. ఆమె చేరిన చర్చిలో పరాయి రక్తం ఎక్కించుకోరు. ఆ మాట వినగానే ఇద్దరు డాక్టర్లు చేతులు దులుపుకున్నారు. ఒకాయన ఆమె ముఖం కూడా చూడలేదు. చివరికి, మొన్నటిదాకా తెల్లవాళ్లకే తెరిచిన ఆసుపత్రిలో, ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు ఒప్పుకున్నాడు. రెండు నెలలు ఐరన్ ఇంజెక్షన్లిచ్చి ఒంట్లో రక్తం పెంచాడు. కారిన రక్తాన్నే శుభ్రం చేసి తిరిగి ఎక్కించే యంత్రం ఉందన్నాడు. దానికి ఆమె సరేనంది.

"అమ్మా, రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా?"

"నాకేటి మందులు? నేనేటి రోగిష్టిదాన్నా?"

"మరి ఈ ఆపరేషన్ ఎవరికమ్మా?"

"తుంటికి బాబూ. నాకు కాదు."

ముగ్గురం నవ్వాం.

ఆపరేషన్ మధ్యలో డాక్టరు బయటికొచ్చాడు. "బాబాయ్ గారూ, రక్తం ఆగట్లేదు. యంత్రంతో పోయినంతా తిరిగి రాదు. ఆస్పిరిన్ ఏమైనా మింగారా?"

"మా ఇంట్లోనే లేదు" అంటూనే ఆమె చేతిసంచి తెరిచాను. దువ్వెన, ప్రార్థన పుస్తకం, తలనొప్పి పొడి పొట్లాలు. తోటల్లో అందరం పొద్దున్నే ఆ పొడి నాలుక మీద వేసుకుని టీ తాగేవాళ్లం. దాన్ని మందని ఎవరనుకున్నారు? బడి ముఖం చూడకుండా, దొరికిన ప్రతి కాగితం చదివి చదువు నేర్చుకున్నవాణ్ణి నేను. ఆ పొట్లం వెనక చిన్న అక్షరాలు మాత్రం అప్పుడే చదివాను. ఆస్పిరిన్.

"నిన్న కూడా వేసుకున్నారా?"

"నేనే ఇచ్చాను."

నడుము కిందికే మత్తిచ్చారు కాబట్టి ఆమె స్పృహలోనే ఉంది. నన్ను లోపలికి తీసుకెళ్లారు.

"రక్తం ఎక్కించడానికి ఒప్పుకోవే. నీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు ఆళ్ల సేతిలో ఉన్నాయి కదయ్యా" అంది, పాలిపోయిన పెదవులతో. "వద్దన్నాను. నా నోరు పడిపోయినా నువ్వు అవునని సెప్పకు."

మధ్యాహ్నానికి రక్తం ఆగింది, కానీ అప్పటికే పోవలసిందంతా పోయింది. మిగిలిన రక్తం వృథా కాకూడదని, పరీక్షలకు పసిపిల్లలకు వాడే బుల్లి సీసాల్లోకి నాలుగు చుక్కలే తీసేవారు. మూడో రోజు ఒక నర్సు పెద్ద సీసా తెచ్చింది. నా భార్య చేతికి అడ్డంగా పడి అరిచాను. ఆ రోజే ఆమెకు స్పృహ తప్పి నోరు పడిపోయింది. నేను చెప్పకూడని ఆ మాట నా నాలుక మీదే ఉంది. చెప్పలేదు.

నాలుగో రోజు ఆమె ప్రాణం పోయింది.

విశ్వాసం నిలుపుకుని ఆమె గెలిచిందని చెప్పడానికొచ్చిన చర్చివాళ్లను గుమ్మంలోంచే తరిమేశాను. డాక్టరు మాత్రం ఆ పొడి గురించి నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే అతనితోనైనా పోట్లాడేవాణ్ణి.