తోక్తోసున్ మాష్టారి మోకాలు

కరకోల్ పట్టణంలో తోక్తోసున్ మాష్టారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కంటపడ్డ ప్రతి మనిషిచేతా వ్యాయామం చేయిస్తారు. అలాగని దాన్ని చచ్చినా పూర్తి కానివ్వరు. సరిగ్గా సగంలో "అమ్మో, నా మోకాలు!" అంటూ కుడికాలు పట్టుకుని కూలబడిపోతారు. కిర్గిజ్ భాషలో తోక్తోసున్ అంటే 'ఆగనీ' అని అర్థం. తల్లిదండ్రులు ఏ ఉద్దేశంతో పెట్టారో గానీ, ఆయన ఆ పేరును ఊరందరి మీదా ప్రయోగించారు.

ఒకరోజు రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడ్డ లావుపాటి పోస్ట్‌మాన్ ఆయన కంటపడ్డాడు. "ఏమిటా గూని? చేతులు పైకెత్తు! వంగు! లే!" నాలుగోసారి వంగి లేచేసరికి పోస్ట్‌మాన్ మొహం కందగడ్డలా ఎర్రబడింది. అంతే, మాష్టారు మెట్ల మీద చతికిలబడ్డారు. వరసలో వాళ్లంతా రొట్టెలు మానేసి ఆయన మోకాలికి ఉపచారాలు చేశారు. పోస్ట్‌మాన్ కూడా పక్కనే కూర్చుని, రొప్పుతూ టోపీతో ఆయనకు విసిరాడు.

ఇంతటి మనిషి జిపార్‌కు పక్కవాటా పొరుగు. పైగా చిన్నప్పుడు బడిలో ఆవిడకు ఆటల మాష్టారు. తప్పించుకోవడానికి దారే లేదు.

జిపార్ పరుపులు, బొంతలు కుట్టే మనిషి. నలభై మూడేళ్లు. మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చి ఆరేళ్లయింది. ఆ జబ్బు నరాల పైపొరను తినేస్తుంది. మెదడు ఇటు వెళ్లమంటుంది, కాలు నిదానంగా ఆలోచించి కదులుతుంది. ఆవిడ కుడికాలు బరువెక్కి, అడుగు వేయాలంటే తుంటితో సహా ఎత్తి వేయాల్సి వచ్చేది. ఆ పని నడుము మీద పడింది. దానికి తోడు రోజంతా మిషను మీద వంగి కూర్చోవడం. చివరికి అసలు జబ్బుకన్నా నడుమునొప్పే ఆవిడ ప్రాణం తీయసాగింది.

ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే ఆవిడ నాలుగంటే నాలుగు రాసిచ్చింది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నడుమును మెల్లగా నేలకు అదమడం. మోకాలు గుండెల దగ్గరికి తెచ్చుకోవడం. తుంటి పైకెత్తడం. చేతుల మీదా మోకాళ్ల మీదా ఉండి వీపును పిల్లిలా వంచడం. "కొంచెం కొంచెంగా, ఒక్కోటి పదిసార్లు, రోజూ. గది చల్లగా ఉండాలి. ఒళ్లు వేడెక్కితే నీ నరాలు మొరాయిస్తాయి. అలసట రాకముందే ఆపెయ్యాలి" అని మరీమరీ చెప్పింది.

జిపార్ సరేనంది. ఇంటికొచ్చి పొయ్యి పక్కనే షిర్దక్ అనే ఉన్ని తివాచీ పరుచుకుని ఒక్కోటి నలభైసార్లు చేసింది. పది మంచిదైతే నలభై ఇంకా మంచిది కదా! సాయంత్రానికి కాలు తిమ్మిరెక్కి, కళ్లు మసకబారి, మూడు రోజులు మంచం దిగలేదు. "అలసిపోయాను" అన్న మాట ఆవిడ నోట పుట్టి ఎరగదు. అలా అంటే జనం జాలిపడతారు. ఆవిడకు జాలి అంటే ఒంటికి కారం రాసుకున్నట్టు ఉంటుంది.

నాలుగో రోజు మాష్టారు తలుపు కూడా తట్టకుండా వచ్చేశారు. వస్తూనే బల్ల మీది ఆసుపత్రి కాగితం చదివి, కిటికీ తెరిచారు.

"మాష్టారూ, బయట మంచు పడుతోంది!"

"పడనీ. పడుకో. మోకాళ్లు మడువు. నడుము నేలకు అదుము. ఒకటి... ఊపిరి బిగబట్టకు! రెండు..."

ఆరో లెక్కకు జిపార్‌కు మంచి ఊపొచ్చింది. సరిగ్గా అప్పుడే "అమ్మో, నా మోకాలు!"

"మీరు కుర్చీలో కూర్చున్నారు కదండీ! మోకాలికేం పని?"

"కూర్చుంటేనే పట్టేస్తుంది. నువ్వు కదలకు, నువ్వు కదిలితే నాకింకా లాగుతుంది."

జిపార్ పళ్లు కొరుకుతూ పడుకుంది. పావుగంటకు ఆయన లేచారు. "ఆఁ, తగ్గింది. మళ్లీ ఆరు."

ఇలా రోజూ. బజారుకు నడిపిస్తానని బయలుదేరితే మరీ ఘోరం. దారిలో ఉన్న ఏ బెంచీనీ ఆయన మోకాలు వదిలేది కాదు. బెంచీ లేకపోతే తివాచీల కొట్టులో బేరానికి పెట్టిన తివాచీ మీద కూర్చునేవారు. ఒకసారి ఎవరిదో కారు ముందుభాగం మీద కూర్చున్నారు, కారాయన లోపలే ఉండగా.

"రోగి నేనా, మీరా?" అని అరిచింది జిపార్.

"ముసలాణ్ణి పట్టుకుని ఆ మాటలేమిటమ్మాయ్? కూర్చో, నాకు తోడుగా."

కారాయన కూడా తలాడించి, ఇద్దరికీ బిస్కెట్లు ఇచ్చాడు.

వసంతం వచ్చేసరికి జిపార్ గంటసేపు మిషను ముందు నిటారుగా కూర్చోగలుగుతోంది. రాత్రిళ్లు నడుమునొప్పి నిద్ర లేపడం లేదు. కానీ ఆ ఘనత ఆయనకివ్వడానికి మనసొప్పలేదు. ఈ మోకాలు అడ్డం రాకపోతే ఈపాటికి పరుగెత్తేదాన్నని ఆవిడ నమ్మకం. చివరికి ఆ మోకాలి సంగతే తేలుద్దామని, కీళ్లనొప్పులకు రాసే కొండ ఉడుత కొవ్వు ఒక సీసాడు సంపాదించి, మధ్యాహ్నంపూట పక్కవాటాకు వెళ్లింది. మాష్టారి భార్య బురుల్ పిండి పిసుకుతోంది.

"పిన్నీ, ఇది ఆయన మోకాలికి రుద్దు. నా పీడా విరగడవుతుంది."

బురుల్ సీసా కేసి, జిపార్ కేసి మార్చి మార్చి చూసింది. "ఎవరి మోకాలికే?"

"మాష్టారికి."

"పొద్దున్నే నడిచి కొండమీద పచ్చికకు పోయాడు, తమ్ముడి గుర్రాల్ని చూడ్డానికి. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. ఆ మోకాలికేం రోగం?"

జిపార్ సీసాను పిండి పక్కన పెట్టి కూలబడింది.

"అలసట వచ్చే ముందు నీ కుడికాలి వేళ్లు నేలకు రాసుకుంటాయటే. ఆ చప్పుడు నీకు వినపడదు, ఆయనకు వినపడుతుంది. పడుకుని చేసేటప్పుడైతే తొడ వణుకుతుందట. అప్పుడు పట్టుకుంటాడు మోకాలు. బడిలోనూ ఇంతేగా! పరుగులో ఏ పిల్లో వెనకబడితే ఈయన కూలబడేవాడు, పందెం ఆగిపోయేది. నలభై ఏళ్లుగా ఇదే నాటకం. 'తన కోసం ఆగమంటే జిపార్ ఆగదు, నా కోసమైతే తిట్టుకుంటూనైనా ఆగుతుంది' అన్నాడు. నేను చెప్పానని చెప్పకు."

జిపార్‌కు ముందు ఒళ్లు మండింది. ఆరు నెలలు మోసం చేశాడా ఈ ముసలాయన? ఆయన కాలు ఒత్తి, వేడినీళ్ల సంచులు పెట్టి, అందరిముందూ పరువు పోగొట్టుకుందే తను! బురుల్ పెట్టిన టీ రెండు గిన్నెలు తాగాక మంట తగ్గింది. మూడో గిన్నె దగ్గర, ఆ కారాయన మొహం గుర్తొచ్చి, పొలమారేంతగా నవ్వింది.

ఆ ఆదివారం పోస్ట్‌మాన్ కూతురి పెళ్లి విందు. ఊరంతా ఉంది. ఆటపాటలు మొదలయ్యాయి. ఆడవాళ్లు జిపార్‌ను చెయ్యి పట్టి లాగారు. ఒక పాటకు ఆడింది. రెండో పాట సగంలో కుడితొడ సన్నగా వణికింది. గది అవతల మాష్టారు అప్పటికే మోకాలి మీదికి వంగుతున్నారు.

జిపార్ గట్టిగా అంది: "నేను అలసిపోయాను. కాసేపు పడుకుంటాను."

ఆ మాట పూర్తయ్యేదాకా ఆవిడకే నమ్మకం లేదు. ఎవరూ జాలిపడలేదు. ఒకావిడ దిండు విసిరింది, ఇంకొకావిడ కిటికీ తెరిచింది. పెళ్లికొడుకు నాయనమ్మ "హమ్మయ్య, ఎవరో ఒకరన్నారు!" అంటూ వచ్చి పక్కనే నడుం వాల్చింది. వెనకాలే పోస్ట్‌మాన్ కూడా.

మాష్టారు మాత్రం సగం వంగి, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచక అలాగే ఉండిపోయారు.

"ఏం మాష్టారూ, నొప్పా?" అంది జిపార్ దిండు మీది నుంచి.

"లేదే!" అని నిటారుగా లేచారాయన. ఇక పని లేకపోయేసరికి బురుల్ చెయ్యి పట్టుకుని ఆటలోకి దిగారు. బురుల్ ఇక చాలు, చాలని మొత్తుకుంటున్నా వినకుండా, వరసగా ఐదు పాటలకు చివరిదాకా ఆడారు.